సవక కొయ్యలు

పోయినేడు ఇదే మాసంలో
ఈ కొయ్యలకే పసుపు పూసి, మామిడాకు చుట్టి
కొర్లగుంటలో పదకొండు పెండ్లి పందిళ్లు ఏసినా.
ఇప్పుడు కార్పొరేషనోళ్లు సందుకింతని కూలి గట్టి
అడ్డం కట్టమంటా ఉండారు.
పెండ్లికి నిలువు కొయ్యలు ఎక్కువ,
రోగానికి అడ్డ కొయ్యలు ఎక్కువ,
అంతే తేడా.
నేర్చుకునేదానికి ఒక పూట గూడా పట్టలా.

తెల్లారుజామున నాలుగుకే ట్రాక్టరు ఎక్కాల.
పగలైతే జనం మింద పడతారు.
"ఏం చెంగల్రాయా, నా కూతురి పెండ్లికి కొయ్య పాతిన చేత్తోనే
నా వాకిలి మూస్తావా?"
మిద్దె మింద నుంచి ఒకామె.
మూతికి గుడ్డ కట్టుకోనుంది, ఎవురో ఆనవాలు తెలీలా.
గొంతు మాత్రం తెలిసింది,
ఆ దినం పందిట్లో పాయసం చాల్లేదని అరిచిన గొంతు.

వాళ్ల కోపం తప్పని నేననను.
నిన్న అంగళ్లు తొమ్మిది దాకా అన్నారు,
ఈ పొద్దు పదకొండు దాకా,
రేపు ఆటోలో మైకు ఏం చెప్తుందో మైకుకే తెలీదు.
పదకొండుకి పది నిమిషాలుందనంగా
పాలపాకెట్ల తావ ఒకరి వీపు మింద ఒకరు.
దూరం దూరం అని అరిచే ఎస్సై
వాళ్ల మధ్యలోనే నిలబడి చెమట తుడుచుకుంటాడు.
రోగానికి వాచీ కట్టినోడెవుడో!

బ్రాంది అంగడి ముందర ముగ్గుపిండితో సున్నాలు గీసింది గూడా నేనే.
గుండ్రంగా రావాలని
ఇంట్లో తలంబ్రాల తాంబాళం తెచ్చి బోర్లించినా.
నలభై సున్నాలు.
ఒక్కో సున్నాలో ఒక్కో మొగోడు, బుద్ధిగా.
బడిలో గూడా అంత బుద్ధిగా నిలబడి ఉండరు.
ఎదురుగా ఇడ్లీ బండి సెల్వమ్మ
బోర్లించిన గిన్నెల పక్కన కూర్చోని
ఆ సున్నాలే లెక్కబెడతా ఉండింది.
"నా బండికీ ఒక నాలుగు గీసిపెట్టు నాయనా" అనింది.
ఆర్డరు లేదు నా దగ్గర.

కేసులు ఆగినాయా అంటే, యాడ?
మా డివిజన్లో సోమవారం పద్నాలుగు, గురువారం ముప్పైయెనిమిది.
కొయ్యలు చాలక రేణిగుంట నుంచి తెప్పించినారు.
ఆటో ఖాదర్‌వలీ వాళ్లమ్మని రుయాకి తీసకపోవాల్నని
నడిరాత్రి నా ముడి విప్పలేక పండ్లతో కొరికినాడంట.
మరుసటి దినం వచ్చి నన్ను తిట్టలా.
పెదవి చీలి ఉండింది. చూపించి పోయినాడు.

ఆ పొద్దు నుంచి నేను జారుముడే ఏస్తా ఉండా.
సూపర్వైజరు ఊపి చూస్తాడు, గట్టిగానే ఉంటాది.
తోక పట్టుకోని ఒక్క లాగు లాగితే చాలు,
ఎవురికి చెప్పాల్నో వాళ్లకి చెప్పినా.
తప్పా ఒప్పా అడగొద్దు.
దగ్గేవాడు బయటికొస్తే ఇంకో ఇంట్లో దీపం ఆరొచ్చు, అదీ తెలుసు.
తెలిసే ఏస్తా ఉండా. నిద్ర పట్టడం లేదు.

నిన్న కాయితంలో మా సందు పేరొచ్చింది,
జీవకోన, పైన చివరి అడ్డవీధి.
దేసమ్మకి మూడు దినాలుగా
చింతపండు పులుపు తెలీడం లేదు.
నేను బయట నిలబడి కడతా ఉంటే
ఆమె వాకిట్లో నిలబడి
"కొంచెం కిందికి, ఎడమ పక్క వంకర" అంటా
పందిరి పనికి వచ్చినప్పుడు చెప్పినట్టే చెప్పింది.

పక్కింటి బుడ్డోడు కిటికీలో నుంచి,
"మామా, ఎప్పుడు విప్పుతావ్?"
పెండ్లి పందిరైతే మూడో దినం.
సావు పందిరైనా కర్మాంతరం అయినాక విప్పేస్తాం.
విప్పే దినం చెప్పకుండా
ఇంతవరకూ నాచేత ఎవురూ కొయ్య పాతించలా.
ఏం చెప్పాల వానికి,
కూలి బిల్లు ఎప్పుడొస్తాదో గూడా తెలీనోన్ని?

ముడి తోక లోపలి పక్కకే ఏసి
అడ్డకొయ్య కింద వంగి, వీపు గీరుకుంటా
నేనూ లోపలికి పోయినా.